ఇంకా తేలని కుర్చీ

మా పెద్దనాన్న కుర్చీలు అల్లుతాడు. అలాగని మా ఇంటికొచ్చి హాయిగా కూర్చుందామనుకునేరు, కుర్చీ ఉండదు.

తోటల్లో, డాబాల మీద, హోటళ్ళ ముందు ఆరుబయట వేసుకునే కుర్చీలు ఆయన పని. ఇనప చట్రాలు వేరేచోట తయారై వస్తాయి, వాటికి తాడు అల్లడం ఈయన వంతు. నీడలో వేసే కుర్చీకి ఏ తాడైనా చాలునట. ఎండలో మాడి, వానలో నాని, మళ్ళీ మాడే కుర్చీకి మాత్రం తాడు చూసి వెయ్యాలట. కొనేవాళ్ళు ఏ తాడు అడిగితే ఆ తాడుతో అల్లి ఇచ్చేస్తాడు, ఆపైన వాళ్ళ ఖర్మ. ఇంటి కుర్చీ దగ్గరే మా కొంప మునిగింది.

పెళ్ళైన కొత్తలో పెద్దమ్మకి మాటిచ్చాడు. "నీ కుర్చీ ఒక్కసారే అల్లుతాను. మనిద్దరం పోయినా అది ఉండాలి." ఆవిడ మురిసిపోయింది పాపం. ఆ మురిపెం మీదే ఇన్నేళ్ళూ బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. ఎప్పుడడిగినా ఆయనది ఒకటే మాట.

"ఇంకా తేలలేదు."

తేలడమంటే ఏమిటో చెబుతాను, మీరే నవ్వాలో ఏడవాలో తేల్చుకోండి. తాడు చుట్టకి షాపువాళ్ళు అంటించిన చీటీని ఆయన నమ్మడు. "ఎండని అడగాలి, వానని అడగాలి, మనిషిని అడగాలి. ముగ్గురూ సరేనంటే అప్పుడు తేలినట్టు," అంటాడు. అందుకని పెరట్లో ఒక కుర్చీ పెట్టి, దాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక్కో మూల ఒక్కో తాడు అల్లాడు. కొబ్బరి తాడు, నూలు తాడు, నైలాన్ తాడు, ప్లాస్టిక్ తాడు. అన్నిటికీ ఒకే ఎండ, ఒకే వాన, ఒకే మనిషి బరువు. న్యాయమంటే న్యాయమే.

మొదటి వానకే ఆ న్యాయం బయటపడింది. కొబ్బరి తాడు తడిసి బిగుసుకుంది, నైలాన్ తడిసి సాగింది. నూలుకి నల్లగా బూజు పట్టింది. ఎండలొచ్చాక ప్లాస్టిక్ తాడు పొడిపొడిగా రాలి, కూర్చున్నవాళ్ళ వెనక తెల్లటి ముద్ర వేసి పంపేది. ఎవరు కూర్చున్నా నెమ్మదిగా జారి నైలాన్ ఉన్న ఎడమ మూలకి చేరేవాళ్ళు. జారకుండా ఉండాలంటే కుడికి ఒరిగి కూర్చోవాలి. ఇంట్లో ఉన్నది అదొక్క కుర్చీ కాబట్టి అందరం ఒరగడం నేర్చుకున్నాం. ఒకసారి స్టూడియోలో ఫొటో దిగడానికి వెళ్తే, ఫొటోగ్రాఫర్ "నిటారుగా కూర్చోండి, నిటారుగా" అని గొంతు పోయేలా అరిచి, చివరికి విసిగి కెమెరానే పక్కకి వంచుకున్నాడు. ఆ ఫొటోలో మేమంతా చక్కగానే ఉన్నాం. వెనక తెర మీది కొండలే పడిపోతున్నట్టున్నాయి.

ఒక తాడు చస్తే దాని స్థానంలో ఇంకోటి వచ్చేది. కొత్తది వచ్చిందంటే పరీక్ష మొదటికొచ్చినట్టే. మనిషిని అడగడానికి వీధిలోకెల్లా బరువైన మనిషిని కుదుర్చుకున్నాడు. ఆయన బేకరీ నడుపుతాడు, మేం బేకరీ మావయ్య అంటాం. రోజూ పొద్దున బేకరీ పని ముగించుకుని, పేపరు పట్టుకుని వచ్చి, ఆ కుర్చీలో ఒరిగి కూర్చుని, టీ తాగి వెళ్తాడు. జీతం లేదు, టీయే జీతం. సెలవు కూడా పెట్టడు మహానుభావుడు.

ఇలా ఉండగా పెద్దమ్మ మోకాలికి ఆపరేషన్ అయింది. రోజూ పొద్దున్నే ఎండలో కాసేపు కూర్చోమంది డాక్టరమ్మ. బకెట్ మీద మాత్రం వద్దంది, ఎత్తుగా ఉన్న కుర్చీలో, నిటారుగా. ఇంటికి రాగానే పెద్దమ్మ అడిగింది.

"ఏమండీ, ఇప్పటికైనా నా కుర్చీ అల్లండి."

"ఇంకొక్క వానాకాలం ఆగు. ఇంకా తేలలేదు."

"నా మోకాలు ఆగుతుందా?"

"తొందరపడి ఏదో ఒకటి అల్లి నిన్ను అందులో కూర్చోబెట్టమంటావా?" అన్నాడు, నిజంగానే నొచ్చుకుంటూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడే పెద్దమ్మని ఆటో ఎక్కించి షాపుకి తీసుకెళ్ళాను. ఇద్దరం కలిసి ఒక ప్లాస్టిక్ కుర్చీ కొనుక్కొచ్చాం. కుర్చీలు అల్లేవాడి ఇంట్లోకి ప్లాస్టిక్ కుర్చీ! పెద్దనాన్న మొహం చూడాలి. ఇంట్లోకి సవతి వచ్చినా అంత నల్లబడేది కాదు. కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, "సరే, దీన్నీ అడుగుదాం," అన్నాడు.

అడగడమంటే ఏముంది, మర్నాడు బేకరీ మావయ్యని అందులో కూర్చోబెట్టాడు. పేపర్లో రెండో పేజీ తిప్పేలోపు వెనక కాళ్ళు రెండూ ఫట్టుమన్నాయి. మావయ్య, టీ గ్లాసు, పేపరు అన్నీ నేల మీదే.

"చూశావా! చూశావా!" అని చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు పెద్దనాన్న.

పెద్దమ్మ అప్పుడు పరీక్ష కుర్చీలో ఒరిగి కూర్చుని ఉంది. అక్కణ్ణుంచే అంది.

"తాడు ఎండకి మాడిందా, వానకి నానిందా అని రోజూ చూస్తారు. చేత్తో తడుముతారు, వాసన చూస్తారు. ఆపరేషనై వచ్చానే, ఎలా ఉన్నావని ఒక్కసారి అడిగారా? ఆ తాడుకున్న విలువ కూడా లేకపోయింది నాకు."

ఆయన చప్పట్లు ఆగిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. మావయ్య నేల మీద నుంచే తల వంచుకున్నాడు.

పెద్దమ్మ విసురుగా లేవబోయింది. మోకాలు సహకరించలేదు, కుర్చీ ఎడమకి లాగింది. పడబోతూ తల మీదున్న బట్టల తాడుని రెండు చేతులా పట్టేసుకుంది. దాని మీద అప్పటికే ఉతికిన దుప్పట్లు, తడి బరువుతో. ఇక తెగిందే అనుకున్నాను. తాడు కాస్త వంగింది, అంతే. పెద్దమ్మనీ దుప్పట్లనీ కలిపి మోస్తూ నిలబడింది.

పెద్దనాన్న పరుగెత్తాడు. ఒక చేత్తో పెద్దమ్మ నడుం పట్టుకున్నాడు. రెండో చెయ్యి పైకెత్తి తాడుని తడిమాడు!

"ఏమండీ, ముందు నన్ను పట్టుకోండి. తాడు తర్వాత."

రెండో చెయ్యి కిందకి దిగింది. ఆవిణ్ణి పట్టుకుని, జాగ్రత్తగా మెట్టు మీద కూర్చోబెట్టాడు. చూపు మాత్రం తాడు మీదే.

"ఇది ఎక్కడిదే?"

"ఎక్కడిదేమిటి, మీరు కట్టిందే. ఈ ఇంట్లోకి వచ్చిన రోజు, టెంట్లవాడి దగ్గర మిగిలిన ముక్క తెచ్చి కట్టారు."

పాలిస్టర్ తాడు. టెంట్లు కట్టేది. ఈ ఇంట్లోకి వచ్చిన నాటి నుంచీ ఒక్కరోజు కూడా లోపలికి రాలేదు. ఎండలన్నీ కాచింది, వానలన్నీ తాగింది, మా అందరి బట్టలూ మోసింది. రంగు వెలిసింది గానీ ఒక్క పోగు లేవలేదు, సాగలేదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆ తాడు మీద ఆరిన చొక్కా వేసుకుని మరీ వెతికాడు ఈయన.

దుప్పట్లు తీసి నా భుజం మీద పడేసి, అక్కడికక్కడే తాడు విప్పాడు. టెంట్లవాడి దగ్గర ఇదే రకం కొత్త చుట్ట దొరుకుతుంది కదా అన్నాను. "కొత్తదాన్ని మళ్ళీ ఎవరు అడుగుతారు?" అన్నాడు. భయపడి నోరు మూసుకున్నాను. ఎత్తుగా ఉన్న ఇనప చట్రం ఒకటి తీసుకుని ఆ రోజంతా అల్లాడు. సీటుకి సరిపోయి, వీపుకి సగం దాకా వచ్చి అయిపోయింది. పెద్దమ్మ పొట్టి మనిషి కాబట్టి ఆ సగమే చాలింది.

మర్నాడు పొద్దున పెరట్లో ఎండ పడే చోట కుర్చీ వేశాడు. ఉతికిన బట్టలన్నీ పరీక్ష కుర్చీ మీద ఆరేసి ఉండటంతో, బేకరీ మావయ్య పేపరు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడ దగ్గర నిలబడ్డాడు. పెద్దమ్మ నెమ్మదిగా వచ్చి కూర్చుంది. అలవాటు కొద్దీ ముందు కుడికి ఒరిగింది. ఎటూ జారకపోయేసరికి ఆశ్చర్యపోయి, సర్దుకుని, నిటారుగా కూర్చుంది. కళ్ళు మూసుకుంది.

పెద్దనాన్న ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. కాసేపు ఓపిక పట్టాడు. తాడుని తడమబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎలా ఉంది?"

పెద్దమ్మ కళ్ళు తెరవలేదు.

"కుర్చీయా, నేనా?"

"నువ్వే."

"ఇంకా తేలలేదు," అంది పెద్దమ్మ. "రోజూ పొద్దున్నే వచ్చి అడగండి."

పెద్దనాన్న లేచి వెళ్ళి బకెట్ తెచ్చి, ఆవిడ పక్కన బోర్లించి కూర్చున్నాడు.