పురుగు మంత్రానికి మూడో సవరణ

ఆ రోజుల్లో మా వీధి మొత్తానికి ఒక్కటే ఫోను, అదీ మందుల షాపులో, డయలుకి తాళం వేసి ఉండేది. ఇప్పుడది నా చేతికి ఆరో వేలు. (ఈ మాట మా ఆవిడది. నేను ఒప్పుకోలేదు గానీ, కాదనడానికి ఆ టైములో చెయ్యి ఖాళీ లేదు.) మొన్న పొద్దున కాఫీ తాగుతూ చూస్తే, నేను ఫోన్లో ఆడే ఆటకి కొత్త రూల్సు వచ్చిపడ్డాయి. ఆర్నెల్లు కష్టపడి సంపాదించిన నా పిడుగు మంత్రం బలాన్ని సగానికి సగం కోసేశారు. కింద మాత్రం మర్యాదగా, ఆట అందరికీ సమానంగా ఉండటం కోసం అని ఒక ముక్క రాశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇలాంటి రూల్సు రాసేవాడు ఎదురుగా ఉంటే చొక్కా పట్టుకుని అడిగేవాణ్ణి. కాసేపటికి కాఫీ చల్లారింది, నేనూ చల్లారాను. ఎందుకంటే అలాంటివాణ్ణి ఒకణ్ణి నేను బాగా ఎరుగుదును. ఎనభైల్లో, పదహారేళ్ళ వయసులో, తుళ్లూరు దగ్గర మా పెద్దమ్మ వాళ్ళింటి వసారాలో బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్న ఆ మనిషిని నేనే.

నేను మద్రాసులో పుట్టి పెరిగాను. ఆ వయసులో నాకున్నవి రెండే, కోపం, ఇంగ్లీషు. రెండోది సగమే ఉండేది కాబట్టి ఆ లోటు మొదటిదానితో పూడ్చుకునేవాణ్ణి. ఆ దసరా సెలవులకి ఊరెళ్తూ, పాత పుస్తకాల అంగట్లో దొరికిన అట్టలేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి పట్టుకెళ్ళాను. అది కథల పుస్తకం కాదు, ఒక ఆటకి రూల్సు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటే గానీ అందులో గళ్ళూ ఉండవు, పావులూ ఉండవు. ఒకడు కథ నడిపిస్తాడు, మిగతావాళ్ళు ఆ కథలో ఒకడు వీరుడు, ఒకడు దొంగ, ఒకడు మాంత్రికుడు. గుహలో రాక్షసుడు ఎదురొచ్చాడు, ఇప్పుడేం చేస్తావు అని కథ నడిపేవాడు అడుగుతాడు, వీళ్ళు చెప్తారు, అది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఒక్కొక్కరికి ఇన్ని ప్రాణాలని ముందే ఇస్తారు, దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గుతాయి. పుస్తకంలో పాచికకి ఇరవై మొహాలున్నాయి. పెద్దమ్మ ఇంట్లో ఉన్నవి ఆరు గవ్వలు. వాటితోనే కానిచ్చాం, ఎన్ని వెల్లకిలా పడితే అంత బలం. కథ నడిపేవాణ్ణి సహజంగా నేనే, ఆ పుస్తకం ఇంకెవరికీ అర్థం కాదు గనక. (నాకూ కాలేదు. అర్థం కాని చోటల్లా నేనే ఒక రూలు పుట్టించి, పుస్తకంలో ఉందని చెప్పేవాణ్ణి.)

ఆడేవాళ్ళు ఇద్దరు. పెద్దమ్మ కొడుకు నాకంటే ఏడాది పెద్ద. ఇంట్లో అందరూ వాణ్ణి పెద్దోడు అనేవాళ్ళు, నేనూ అంతే. వాడి చెల్లెలికి పదేళ్ళు, అది చిన్నది. చిన్నది దొంగ వేషం తీసుకుని, మొదటిరోజే రాజుగారి కోటలో దూరి, ఖజానా ఎక్కడుందో కూడా అడక్కుండా సరాసరి వంటింట్లోకి వెళ్ళింది. పెద్దోడు మాంత్రికుడు. నేను వాడికి మంత్రాల లిస్టు చదివి వినిపించాను: పిడుగు, నిప్పుల వాన, మాయమవ్వడం, ఎగరడం. వాడు చివరిదాకా విని మూడు కోరుకున్నాడు. నిద్ర మంత్రం, వాన మంత్రం, పురుగుల్ని చంపే మంత్రం. మొదటి గుహలో నేనొక ఏడు తలల సర్పాన్ని పెట్టాను, ఒక్కో తలకీ ఒక్కో పేరు కూడా పెట్టుకున్నాను. వాడు దాన్ని నిద్ర మంత్రంతో జోకొట్టి, పక్కనుంచి నడిచెళ్ళి, గుహ బయట నేల నల్లరేగడా ఎర్రనేలా అని అడిగాడు. ఏమో, నల్లరేగడే అనుకో అన్నాను. అక్కడే దెబ్బతిన్నాను. మూడో రోజుకల్లా ఆ గుహ ముందు పదెకరాల పత్తి చేను లేచింది. తడికి వాన మంత్రం, పురుగుకి పురుగు మంత్రం. సర్పం లేచినప్పుడల్లా మళ్ళీ జోల. ఇది చాలక రాక్షసరాజుతో పక్క పొలం కౌలుకి మాట్లాడటం మొదలెట్టాడు. రాక్షసరాజు తరఫున మాట్లాడాల్సింది నేనే కదా, వాడి బేరం ఎంత న్యాయంగా ఉందంటే ఎలా కాదనాలో నాకు తోచలేదు.

నా సర్పాలూ నా రాక్షసులూ గట్టు మీద కూర్చుని పత్తి తీతలు చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. నోటుబుక్కు తీసి సవరణలు రాయడం మొదలెట్టాను. మొదటి సవరణ, నిద్ర మంత్రం రోజుకి ఒక్కసారే. రెండో సవరణ, వాన మంత్రం ఎంత చదివినా తుంపర మాత్రమే పడుతుంది. పెద్దోడు రెండూ విని తలూపాడు. రెండోది వాడికి మరీ సబబుగా అనిపించినట్టుంది, నిజం వానా అంతేలే అన్నాడు.

ఇక్కడ ఆట బయటి సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఏడు ఊళ్ళో పత్తి చేలన్నిటికీ తెల్లదోమ పురుగు పట్టింది. నాకది తెలుసు, రేడియోలో వార్త తెలిసినట్టు తెలుసు. నేను ఎనిమిదింటికి పక్క మీంచి లేచేటప్పటికే పెదనాన్నా పెద్దోడూ మొహాలకి తువ్వాళ్ళు కట్టుకుని మందు కొట్టడానికి వెళ్ళిపోయి ఉండేవాళ్ళు. మధ్యాహ్నం ఒళ్ళంతా మందు కంపుతో వచ్చేవాళ్ళు. పెద్దోడు బావి దగ్గర సబ్బుతో మూడుసార్లు తోముకుని, అన్నం తిని, వసారాలోకి వచ్చి మాంత్రికుడయ్యేవాడు. ఒకరోజు మేం పురుగు మంత్రం గురించి వాదించుకుంటుంటే గోడ అవతల్నుంచి పక్కింటి బీడీ బాబాయి తల ఎత్తాడు. అందరికంటే ముందు పత్తి పెట్టి, అందరికంటే ముందు పోగొట్టుకున్న మనిషి. "అబ్బాయ్, ఆ మంత్రం నీళ్ళ మీద చదివి కలపాలా, చేలో నిలబడి చదివితే చాలా?" అని అడిగాడు. నేనూ చిన్నదీ పొట్ట పట్టుకుని నవ్వాం. పెద్దోడు నవ్వలేదు. లేచి గోడ దాకా వెళ్ళి, "అది ఆటలోది బాబాయ్" అని మెల్లగా చెప్పాడు. "అదేలే, అడిగి చూశా" అని ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నలుగురు రైతులు పెదనాన్న దగ్గర కూర్చుని మాట్లాడుకుంటుంటే నేను విన్నాను. కొట్టిన కొద్దీ పెరుగుతోందయ్యా, మందు తాగి బలుస్తున్నట్టుంది అంటున్నారు. ఆహా, ఎంత మంచి రూలు అనుకున్నాను. (నిజంగా అలాగే అనుకున్నాను. దాచి ఏం లాభం.) మర్నాడు మధ్యాహ్నం వార్తలు చదివేవాడి గొంతు పెట్టి మూడో సవరణ చదివాను. పురుగు మంత్రం వేసిన కొద్దీ ఒక్కో గవ్వ బలం తగ్గును. నాలుగోసారి నుంచి పురుగు చావదు సరికదా రెట్టింపగును. చేను పోయినచో మంత్రం తిరగబడినట్టు లెక్క, మాంత్రికుడి ప్రాణాలు కూడా పోవును.

పెద్దోడు గవ్వలు గుప్పిట్లో బిగించాడు. "ఎన్నోసారికన్నావు?" అన్నాడు. నాలుగోసారికి అన్నాను. "మేం తొమ్మిదిసార్లు కొట్టాం" అన్నాడు. నాకు అర్థం కాలేదు, అయినా ఆగే రకాన్ని కాదు. ఓడిపోతున్నావు కాబట్టి పేచీ పెడుతున్నావన్నాను. రాక్షసుల ఆటలో పత్తి పండించే మొహం ప్రపంచం మొత్తం మీద నీదొక్కటేనన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మీ పత్తి పోతే నన్నేం చెయ్యమంటావు?" అని అరిచాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వసారా చివర మంచం మీద పెదనాన్న మొహాన తువ్వాలు కప్పుకుని పడుకుని ఉన్నాడు, ఆ తువ్వాలు కదల్లేదు. పెద్దోడు గవ్వల్ని చప్పుడు కాకుండా నా ముందు పెట్టాడు. "ఇక్కడన్నా పనిచేస్తుందనుకున్నాన్రా" అని లేచి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు ఆట లేదు. మూడో రోజు చిన్నది నా పక్కన చేరి, నేను అడక్కుండానే చెప్పింది. నాన్న సరిగ్గా అన్నం తినట్లేదంట. మందు కొట్టడం అయిపోయాక కూడా గట్టు మీదే కూర్చుంటున్నాడంట. నాన్నని ఒక్కణ్ణీ వదలొద్దని అమ్మ అన్నయ్యకి చెప్పిందంట. "మందు డబ్బాలన్నీ అన్నయ్య కొట్టంలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఎందుకని అడిగితే కసిరాడు" అంది. దానికి పదేళ్ళు, ఎందుకో తెలీలేదు. నాకు పదహారు, తెలిసింది.

మర్నాడు ఎవరూ లేపకుండానే లేచి వాళ్ళ వెనకాలే చేలోకి వెళ్ళాను. పెదనాన్న నన్ను చూసి నీళ్ళ బిందె చేతికిచ్చాడు. (మూడు బిందెలకే భుజం పోయింది. మద్రాసులో కుళాయి తిప్పడమే నేను చేసిన నీళ్ళ పని.) పత్తి చెట్టుని మోచెయ్యి తాకితే చాలు, దోమ ఆకుల అడుగునుంచి తెల్లగా పొగలా లేచి, గాల్లో ఒక్క నిమిషం ఆడి, మళ్ళీ అక్కడే కూర్చుంటోంది. ఆకులు జిగటగా, మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. పెద్దోడు పంపు వీపున వేసుకుని సాలు వెంట సాలు కొట్టుకుంటూ పోతున్నాడు, వెనకాల లేచింది లేచినట్టే కూర్చుంటోంది. అదే వాడికి పదోసారి. వంగినప్పుడల్లా వాడి నడుం దగ్గర తాళంచెవి మెరుస్తోంది.

ఆ మధ్యాహ్నం నేనే వాణ్ణి వసారాలోకి లాక్కొచ్చి కూర్చోబెట్టాను. మూడో సవరణ మొత్తం కొట్టేస్తున్నానని, పురుగు మంత్రం ఎన్నిసార్లు వేసినా పనిచేస్తుందని చెప్పాను. నా వరకు అదే క్షమాపణ, అంతకు మించి అడగడం నాకు రాదు. పెద్దోడు నోటుబుక్కు లాక్కుని చదువుకున్నాడు. "వద్దు. మంత్రం పనిచెయ్యదన్నది ఉండనీ. అది నిజమేగా" అన్నాడు. నా పెన్ను తీసుకుని చివరి వాక్యం ఒక్కటే, కాగితం చిరిగేలా కొట్టేశాడు. "పంట పోతే పంట పోద్ది. మనిషెందుకు పోవాలి? ఈ రూలు తీసెయ్." నాతో అంటున్నట్టే అన్నాడు. కానీ మూరెడు దూరంలో ఉన్న నాకు అంత గట్టిగా చెప్పక్కర్లేదు.

చిన్నది గవ్వలు ఒక్కొక్కటే వరసగా పేర్చింది. అప్పుడు మంచం మీంచి, తువ్వాలు కిందనుంచి గొంతు వచ్చింది. "పత్తి పీకేశాక ఏం వేస్తాడ్రా మీ మాంత్రికుడు?"

నా పుస్తకంలో దానికి జవాబు లేదు. పెద్దోడు నా వంక చూడకుండానే, "జొన్న వేస్తాడు నాన్నా. ఇంకా అదునుంది" అన్నాడు. పెదనాన్న తువ్వాలు తీసి లేచి కూర్చున్నాడు. గడ్డం మాసి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ గవ్వలు ఇటు తెమ్మని చెయ్యి చాపాడు. రెండు చేతుల మధ్య ఊపి, దేవుడి ముందు వేసినట్టు జాగ్రత్తగా నేల మీద వేశాడు. ఆరింటిలో వెల్లకిలా పడినవి రెండు. నలుగురూ నావైపు చూశారు, ఎప్పుడొచ్చిందో గాని గుమ్మంలో నిలబడిన పెద్దమ్మతో సహా. నా రూల్స్ ప్రకారం రెండు గవ్వలంటే ఓడినట్టే. నేను నోటుబుక్కులో ఏదో వెతుకుతున్నట్టు రెండు పేజీలు తిప్పి, "జొన్నకి రెండు చాలు" అని తీర్పు చెప్పాను. అదే నాలుగో సవరణ. కోపం లేకుండా నేను చేసిన సవరణ అదొక్కటే. పెదనాన్న కాసేపు ఆ గవ్వల వంకే చూసి, అన్నం పెట్టమని పెద్దమ్మకి చెప్పాడు.

నేను మద్రాసు వెళ్ళేలోపే పత్తి పీకేశారు. జొన్న ఏదో రెండు గవ్వల పంటగానే పండింది. తాళంచెవి పెద్దోడి మొలతాడుకి సంక్రాంతి దాటేదాకా ఉందని ఆ తర్వాత చిన్నది ఉత్తరంలో రాసింది. పెదనాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, నేను కనిపించినప్పుడల్లా, ఆ రోజు గవ్వల్లో నువ్వు దొంగాట ఆడావురా అని నవ్వేవాడు.

మొన్న కాఫీ చల్లారాక ఇదంతా గుర్తొచ్చి పెద్దోడికి మెసేజ్ పెట్టాను. నా పిడుగు మంత్రం సగం కోసేశార్రా, ఆరు నెలల కష్టం అని. వాడు వెంటనే జవాబిచ్చాడు. ప్రాణాలేమన్నా తగ్గించారా అని అడిగాడు. లేదు, అవి అలాగే ఉన్నాయన్నాను. "మరింకేం. ఆడుకో" అని రాశాడు.

ఫోను బల్ల మీద పెట్టేసి వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నాను. (మా ఆవిడ వచ్చి నుదుటి మీద చెయ్యేసి చూసింది, జ్వరమేమోనని.)