వానాకాలం గడిచాకే అమ్మిన ఇళ్లు

మా మేనత్త మొన్న మంగళవారం ఉదయం ఆరుంబావుకి ఏలూరులో పోయారు. గుండెపోటు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. ముందురోజు సాయంత్రం దాకా ఆవిడ తాడేపల్లిగూడెంలో, తను కొని బాగుచేయిస్తున్న పాత డాబా దగ్గరే ఉన్నారు. రంగులు వేయడం పూర్తయింది. ఇల్లు ఇంకా అమ్మలేదు.

పాత ఇళ్లు కొని, బాగుచేయించి అమ్మడం ఆవిడ ఇరవై ఏళ్లుగా చేసిన పని. హైస్కూలు మాస్టారుగా రిటైరైన మావయ్య అందులో దస్తావేజులు చదివిపెట్టేవారు, అంతవరకే. విలేకరినైన నేను ఆ వైపు వెళ్లినప్పుడల్లా ఆవిడ వెంట ఏదో ఒక ఇల్లు చూసేవాణ్ని.

ఆవిడ ముందుగదిలో ఆగేవారు కాదు. నేరుగా దొడ్లోకి వెళ్లి, వాడిన నీళ్లు ఎటు పోతున్నాయో చూసేవారు. తర్వాత పక్కింటివాళ్లని పలకరించి, పోయిన వానలకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడిగేవారు. రోడ్డు కొత్తగా వేసినప్పుడల్లా కాస్త ఎత్తు పెరుగుతుంది, పాత ఇళ్లు పల్లంలో పడతాయి. అలాంటివి చవగ్గా వస్తాయి. వాటినే కొని, జాకీలు పెట్టించి పైకి లేపించేవారు. పెంటపాడులో ఒక ఇల్లు అలా రోజూ కొంచెం కొంచెం లేస్తుంటే వీధివాళ్లు కుర్చీలు వేసుకుని చూశారు. ఆవిడ పనివాళ్లకి మజ్జిగ కలుపుతూ కూర్చున్నారు.

మురుగునీటి గొట్టాలు, వైరింగు, బాత్‌రూమ్ ముందు, రంగు ఆఖరు. “రంగు చూసి లోపలికొస్తారు, బాత్‌రూమ్ చూసి వెళ్లిపోతారు” అనేవారు. ప్రతి ఇంటి దొడ్లో ఒక గరుకు రాతిపలక, పక్కన కుళాయి పెట్టించేవారు. చేపలకి ఇల్లు కడుతున్నారా అమ్మగారూ అని మేస్త్రీ ఒకసారి వేళాకోళం చేశాడు. “కొల్లేటి పక్కన, చేప తోముకునే చోటు లేని ఇంటికి ఆడవాళ్లు సరేనంటారా ఏంటి?” అన్నారావిడ. ఆ ఇల్లు కొన్నవాళ్లు ఆ పలక చూసే ఖాయం చేసుకున్నారు.

రంగు ఆఖరన్న ఈ క్రమం ఆవిడకి మొదట్లో తెలియదు. మొట్టమొదటి ఇంటికి పాత గోడల మీదే రంగు వేయించి ఎండాకాలంలో అమ్మేశారు. కొన్నది కొల్లేరు వైపు చేపల చెరువుల మీద పనిచేసే కుటుంబం, పిల్లల చదువు కోసం ఊళ్లోకి వచ్చారు. వానలు పట్టాక ఆ ఇల్లాలు వచ్చి గేటు దగ్గర నిలబడింది. “ఏవండీ, గోడలు ఉబ్బిపోయాయండి. మీరొకసారి వచ్చి చూస్తారా?” అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేదని అత్తయ్య చాలాసార్లు అన్నారు. నడుమెత్తు దాకా పాత పూత చెక్కించి, చెమ్మ ఎక్కకుండా మళ్లీ చేయించి ఇచ్చారు. అప్పటినుంచి బాగుచేసిన ఏ ఇంటినీ ఒక వానాకాలం గడవకుండా అమ్మలేదు. అన్నాళ్లు డబ్బు ఇరుక్కుపోదా అని అడిగాను. “వానలో ముందు నేను చూడాలి కదరా. లేకపోతే వాళ్లు చూస్తారు” అన్నారు.

శనివారం పరామర్శకి వచ్చిన బ్రోకరు మాట కలిపి, తాడేపల్లిగూడెం ఇల్లు కొనడానికి అత్తిలి వాళ్లెవరో సిద్ధంగా ఉన్నారని చెప్పాడు. “రంగు కొత్తగా ఉండగానే ఇచ్చేయండి మాస్టారూ. వానలు పడ్డాక ఈ ధర రాదండి.”

గోడ చూసి మంచిచెడ్డలు చెప్పడం మావయ్యకి తెలియదు. అత్తయ్య లేకుండా ఆ ఇల్లు పెట్టుకుని ఆయన ఏం చేస్తారని బంధువులంతా అమ్మేయమనే చెబుతున్నారు.

“వానలు పడ్డాక రాని ధర, ఇప్పుడు మాత్రం నేనెలా తీసుకోనండీ?” అన్నారు మావయ్య.

అత్తిలి వాళ్లు ఆగరని బ్రోకరు చెప్పాడు. మావయ్య అతనికి కాఫీ ఇప్పించి పంపేశారు.

శుక్రవారం పెద్దకర్మ. ఆదివారం ఉదయం మావయ్య ఒక మడతమంచం, స్టవ్వు తీసుకుని ఆ ఖాళీ ఇంటికి మారుతున్నారు. వానాకాలం అయ్యేదాకా అక్కడే ఉంటారు. హాజరుపట్టీలా ఒక పుస్తకం గీసి ఉంచుకున్నారు. పేర్లు రాసేచోట నాలుగు గదుల గోడలు వరసగా ఉన్నాయి, పక్కన చెమ్మ కనిపించిందో లేదో రోజూ రాయడానికి గళ్లు. మొదటి వాన పడ్డ మర్నాటి నుంచి హాజరు మొదలవుతుంది.