పాప నోట్లో రిబ్బన్ ముక్క

అప్పటికి మా పాపకు పదకొండు నెలలు. అరసవల్లిలో అద్దెకుండేవాళ్లం. పాప మొదటి పుట్టినరోజు గౌను మీద, యూట్యూబ్‌లో చూసి రిబ్బన్ గులాబీలు కుడుతున్నాను. దారంతో చక్రం పుల్లల్లా ఐదు కుట్లు వేసి, వాటి మధ్య రిబ్బన్‌ను పైకీ కిందికీ అల్లితే గులాబీ విచ్చుకుంటుంది.

మూడో గులాబీ ముగించి రిబ్బన్ కత్తిరించగానే పాలు పొంగిన వాసన వస్తే వంటింట్లోకి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి పాప ఎర్ర రిబ్బన్ ముక్క నములుతోంది. లాగితే ముక్క వచ్చింది గానీ సూది కనబడలేదు.

చాప దులిపాను, మంచం జరిపాను. ఎక్కడా లేదు. ఏడుస్తూ పాపను ఎత్తుకుని, అత్తయ్యతో ఆటోలో ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరుగారు ఎక్స్‌రే రాశారు. ఎక్స్‌రే గది ముందు నా వెనక నిలబడిన నర్సు అడిగింది.

"ఆ సూది ఎలాగుంటాదమ్మా?"

"లావుగా ఉంటుంది. ఎర్ర రిబ్బన్ ఎక్కించి ఉంది."

"మరి నీ జడలో యేలాడతన్నాదేటి?"

తడుముకుంటే అదే. పాపకు అందకూడదని వంటింట్లోకి వెళ్తూ నేనే గుచ్చుకున్నాను. పాప నోట్లోది నేను కత్తిరించి పడేసిన కొస.

"ఆటో ఎక్కినప్పుడే సూసినాను. ఇదేటో కొత్త పేసను కాబోలనుకున్నానే" అంది అత్తయ్య.

నర్సు నవ్వింది. నాకూ నవ్వు ఆగక బల్ల మీద కూలబడ్డాను. అది చూసి పాప చప్పట్లు కొట్టింది.

పిల్లల విషయంలో మన భయం కంటే మన జాగ్రత్తే ముందు పరుగెడుతుందని ఆ రోజు తెలిసింది. ఇప్పటికీ భయపడతాను గానీ, ముందు ఒకసారి అద్దంలో చూసుకుంటాను.