సువార్త సమాధి దగ్గర నేను చెప్పని సాక్ష్యం

నిన్న ఉదయం మా పాత వాలీబాల్ టీమ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది.

"సువార్త ఇక లేదు."

నేను సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ కోసం నిలబడి ఉన్నాను. ఇటువంటి సందర్భాల్లో దిగ్భ్రాంతి చెందడం ఆనవాయితీ. నేను చెందలేదు. ట్రైన్ ఎక్కాను. బేగంపేటలో దిగాను. ఆఫీసు రిజిస్టరులో సంతకం పెట్టాను.

తేదీ వేయబోతే గుర్తు రాలేదు. పక్క సీటాయనను అడిగాను. ఆయన చెప్పారు.

అప్పుడు ఏడ్చాను.

గుండెపోటట. నలభై ఆరేళ్లు. లాలాగూడలో, తన వంటింట్లో, టీ వడకడుతూ.

తెలియని మిత్రుల సమాచారార్థం: సువార్త, నేను డిగ్రీలో ఒకే బ్యాచ్. ఆమెది బీఎస్సీ, నాది బీకాం. యూనివర్సిటీ మహిళల జట్టులో ఆమె సెట్టర్. అనగా, బంతిని నెట్ పక్కన అందంగా లేపి, కొట్టే మనిషికి అందించే మనిషి.

ఆ కొట్టే మనిషిని నేను. చప్పట్లు బంతిని కొట్టినవారికే వస్తాయి. ఈ ఏర్పాటుపై ఆమె ఏనాడూ అభ్యంతరం తెలుపలేదు.

పొద్దున్నే గ్రౌండ్, అక్కడి నుంచి పరుగున కెమిస్ట్రీ ల్యాబ్. తెల్లకోటు కింద మోకాలి ప్యాడ్లతో టైట్రేషన్ చేసిన విద్యార్థిని మా కాలేజీలో మరొకరు లేరు. ల్యాబ్ మేడమ్ తిడితే, "మేడమ్, ఇవి ఇప్పేలోపు మీ యాసిడ్ ఆవిరైతది" అనేది.

వాలీబాల్‌లో ఒక పద్ధతి ఉంది. బంతి ఇద్దరి మధ్యకు వస్తే, తీసుకునేవారు "నాది" అని అరవాలి. రెండోవారు తప్పుకోవాలి. సువార్త అన్ని బంతులకూ అరిచేది. నేరుగా నా మీదికి వచ్చిన వాటికి కూడా. ఒకసారి నేను వదిలేసిన బంతి కోసం దూకి మోచెయ్యి చీరుకుంది. పాయింట్ పోయింది.

"ఎవరి బాల్ అది?" అని గేమ్స్ మేడమ్ గద్దించారు.

"నాదే మేడమ్" అంది సువార్త.

"నీదెట్లయితదే? అది శైలజ ముంగటికొచ్చింది!"

"నేను అరిచిన గద మేడమ్."

ఇక అసలు విషయానికి వస్తాను.

ఫైనలియర్‌లో యూనివర్సిటీ మ్యాచులకు పది రోజులు వేరే ఊరు వెళ్లాం. తిరిగొచ్చాక ఓడీ లెటర్ ఇవ్వాలి. ఆ పది రోజులూ హాజరైనట్టే లెక్కించమని గేమ్స్ మేడమ్ రాసిచ్చే కాగితమది. సువార్త ప్రాక్టికల్స్‌లో ఉండటంతో ఇద్దరి లెటర్లూ నా చేతికే ఇచ్చారు. అదే ఆఖరు రోజు.

నాది కామర్స్ కౌంటర్‌లో ఇచ్చాను. సైన్స్ కౌంటర్ ఎదురు బ్లాకులో. అక్కడ లైన్ ఉంది. గ్రౌండ్‌లో కొత్త జెర్సీలు పంచుతున్నారు. నాకు ఏడో నంబరు కావాలి.

ఏడో నంబరు దొరికింది.

మూడు వారాల తర్వాత అటెండెన్స్ తక్కువైన వారి లిస్టు అంటించారు. అందులో సువార్త ఉంది. ఆ సంవత్సరం పరీక్షలు రాయడానికి వీల్లేదు. ఆమె నన్ను వెంటబెట్టుకుని ఆఫీసు మీదికి పోయింది.

"మా శైలు ఇచ్చిందంటే ఇచ్చినట్టే సార్. మీ బీరువల్నే చూడున్రి."

"లేదు బిడ్డా, ఉంటే నాకెందుకు తక్లీఫ్?" అంటూ ఆ క్లర్కు పాపం మూడు బీరువాల్లోని ఫైళ్లూ దించారు.

లెటర్ నా కిట్‌బ్యాగ్‌లో ఉంది. ఆ బ్యాగ్ నా భుజానికి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు.

నేను అన్న మాట యథాతథంగా: "ఇంకొకసారి చూడండి సార్."

అప్పుడైనా తీసిచ్చి, ప్రిన్సిపాల్ గారిని బతిమాలి ఉంటే ఒప్పుకునేవారేమో. ఇవ్వలేదు.

ఆ ఏడాదే స్పోర్ట్స్ కోటాలో మా జట్టు అమ్మాయిలకు ఉద్యోగావకాశం వచ్చింది. డిగ్రీ పాసై ఉండాలన్నారు. నాకు వచ్చింది. ఆమె ఇంట్లో ఆట మాన్పించారు. తర్వాతి సంవత్సరం పరీక్షలు రాసి, ఒక ప్రైవేటు స్కూల్లో గేమ్స్ టీచరుగా చేరింది. మ్యాథ్స్ సార్లు లాక్కోగా మిగిలిన పీరియడ్లలో పిల్లలకు సర్వీస్ నేర్పింది.

భయపడి దాచానా, పోటీ తగ్గుతుందని దాచానా? ఈ అంశంపై పాతికేళ్లుగా నాలో విచారణ జరుగుతోంది. నివేదిక ఇంకా అందలేదు.

నిన్న సాయంత్రం సమాధి దగ్గర వాళ్లాయన మోజెస్ గారు నా చేతులు పట్టుకున్నారు.

"మీ మాట ఎప్పుడూ చెప్పేదమ్మా. ఆ లెటర్ సంగతి ఎవరన్నా ఎత్తితే ఊకునేది కాదు. మా శైలు ఇచ్చింది, ఆఫీసోళ్లే పోగొట్టిన్రు అని కొట్లాడేది."

తర్వాత పాస్టర్ గారు, స్నేహితులెవరైనా ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పవచ్చన్నారు. వాళ్ల పద్ధతిలో, పోయిన మనిషి గురించి నలుగురికీ చెప్పే మాటను సాక్ష్యం అంటారు.

అందరూ నా వైపు చూశారు. లేచాను.

"సువార్త మంచి ప్లేయర్. మంచి మనిషి" అన్నాను. కూర్చున్నాను.

అది అబద్ధం కాదు. సాక్ష్యమూ కాదు.

కాబట్టి మన టీమ్ వారికి, మోజెస్ గారికి, ఎక్కడున్నారో తెలియని ఆ క్లర్కు గారికి తెలియజేయునది: ఆఫీసు ఏ కాగితాన్నీ పోగొట్టలేదు. నేను ఇవ్వలేదు. ఈ మాట వినాల్సిన మనిషి బతికున్నన్ని రోజులూ, మా ఆఫీసు నుంచి ఆమె ఇంటికి ఆటోలో అరగంట.

ఈ పోస్టు కింద నన్ను ఓదారుస్తూ ఎవరూ కామెంట్ పెట్టవద్దని మనవి.

సువార్తా, వెళ్లిరా. నీకు శాంతి కలగాలి. నాకు అప్పుడే అక్కర్లేదు.