అమ్మ పిడికిలి

మొన్న ఆదివారం చర్చిలో ఒకావిడ పిడికెడు బియ్యం సంచి తెచ్చి గంపలో కుమ్మరించింది. ఆ పొడిబియ్యం వాసనకి కనకాలపేటలోని మా వంటిల్లు గుర్తొచ్చింది.

వండే ముందు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి చర్చికి ఇవ్వడానికి దేవుడి డబ్బాలో వేయడం అమ్మ అలవాటు. నా ఎనిమిదో ఏట అమ్మ కాకినాడ ఆసుపత్రిలో చేరింది. నాన్న వండేవాడు, నేను బియ్యం కొలిచేదాన్ని. బైబిల్లో సారెపతు ఊరి విధవరాలు కరువులో ఉన్న కాస్త పిండిలోంచి ముందు ప్రవక్తకు పెట్టిందనీ, తర్వాత ఆమె కొడుకు చనిపోయి మళ్ళీ బతికి లేచాడనీ సండేస్కూల్లో విన్నాను. దేవుడికి తక్కువైతే అమ్మను ఇంటికి పంపడేమోనని భయపడ్డాను.

వారం తిరక్కుండానే నాన్న డబ్బా మూత తీసి చూశాడు.

"అప్పుడే నిండిపోయిందేంటమ్మా? ఎన్నేత్తన్నావు?"

"మూడు. నా చెయ్యి చిన్నది కదా నాన్నా. అమ్మదంత అవ్వాలంటే మూడెయ్యాలి."

"దేవుడు చేతులు కొలుత్తాడేంటే, పిచ్చిదానా? ఒకటే ఎయ్యి."

ఆ రోజు నుంచి ఒకటే వేశాను. ఆ నెలలోనే అమ్మ చనిపోయింది. రెండు పిడికిళ్ళు తగ్గించినందుకే అనుకున్నాను. చాలా ఏళ్ళు ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

నేను మూడేసి పిడికిళ్ళు తీసిన ఆ వారమంతా నాన్న పొలం పని నుంచి వచ్చి, "ఆకలి లేదమ్మా" అంటూ సగం కంచమే పెట్టుకుని తిని లేచేవాడు. నేను ఎక్కువ తీసిన బియ్యం ఆయన అన్నమేనని పెద్దయ్యాకే అర్థమైంది. అయినా ఆయన డబ్బాలోంచి ఒక్క గింజ వెనక్కి తీయలేదు. ఆయనా నాలాగే ఆశపడ్డాడు. ఒకే ఇంట్లో ఉండి, ఇద్దరం ఎవరికి వాళ్ళం ప్రార్థించుకున్నాం.