మిద్దె మీద పులీ మేకా

పెళ్లయిన కొత్తలో ఎమ్మెస్సీ గణితం చదువుతూ ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. కిటికీ బయట విచ్చిన పత్తి చేలు తెల్లగా వెనక్కి జారుతుంటే, క్లాసులో విన్న లెక్కొకటి కళ్ల ముందు తిరిగేది. గుండ్రటి బరిలో ఒక పులి, ఒక మేక. రెండింటిదీ ఒకే వేగం. మేక దొరుకుతుందా?

ఒక సాయంత్రం మిద్దె మీద ముగ్గుపిండితో పెద్ద గుండ్రం గీశాను. మగ్గం దిగి వచ్చిన నా భర్త, తలనిండా నూలు పీచుతో, చూస్తూ నిలబడ్డాడు. మా మధ్య ఇంకా మాటలు తక్కువే.

"నువ్వు పులివి. నేనెంత అడుగేస్తే నువ్వూ అంతే వేయాల. నా కాలికి నీ కాలు తగిలితే దొరికినట్టు," అన్నాను.

మొదటిసారి అంచు వెంట పోయాను. వంపు తిరిగేలోగా తను అడ్డంగా వచ్చి పట్టేశాడు.

రెండోసారి నడిమధ్యకు దగ్గరగా మొదలుపెట్టాను. ఆ నడిమధ్య నుంచి నా దాకా దారం లాగినట్టు ఊహించుకుని, ప్రతిసారీ దానికి అడ్డంగా, తను లేని పక్కకు జరిగాను. అడుగు అంతకంతకూ చిన్నదవాలి, లేకుంటే అంచు దాటిపోతాను. మూరెడు, జానెడు, బెత్తెడు. పొద్దు గుంకుతోంది. పక్కింటి మగ్గం చప్పుడుతో మా అడుగులు కలిసిపోయాయి. తన ఊపిరి వినపడేంత దగ్గరికొచ్చాడు, కాలు మాత్రం అందలేదు.

"ఇది ఎప్పటికి అయిపోతాది?"

"అయిపోదు. నువ్వు వస్తానే ఉంటావు, నేను పోతానే ఉంటాను."

"సరే, వస్తానే ఉంటా," అన్నాడు మెల్లగా.

అంతలో ఎండిన మిరపకాయలు ఎత్తడానికి అత్త పైకొచ్చింది. పెద్దగా మాట్లాడని మనిషి. తిడుతుందేమోనని ఆగిపోయాను.

"ఏం చేస్తాండారు?"

"పులీ మేకా ఆటమ్మా. మేక దొరకడం ల్యా," అన్నాడు తను.

"ఒక్కనివి యాడ పడతావప్పా? ఆ పక్క నువ్వుండు, ఈ పక్క నేనొస్తా."

చేట కింద పెట్టి, కొంగు దోపుకుని బరిలోకి దిగింది. ఇక నాకు ఖాళీ పక్కంటూ లేకపోయింది. కాసేపటికే ఆమె కాలివేలు నా మడమకు తగిలింది. నవ్వుతూ ముగ్గు మీదే కూలబడింది, చీరంతా తెల్లపిండి. మేమూ పక్కన కూర్చున్నాం. మిరపకాయల సంగతి చాలాసేపు ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు బస్సుకు బయలుదేరుతుంటే అత్త గడపలోంచి పిలిచింది.

"రెండు పులులుంటే మేక ఏం చేయాలనో మీ సారును అడుగమ్మా."