కొండ మీది వాన కబురు

దసరా సెలవుల్లో, నేను టీచరుగా పనిచేసే మారేడుమిల్లి కొండల నుంచి కోనసీమలోని స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. పి.గన్నవరం దగ్గర గోదావరి మధ్యలోని లంకకు దాటే పడవలో పక్కన కూర్చున్న పెద్దావిడ మా ఊరు అడిగారు. చెప్పగానే నా చెయ్యి పట్టుకున్నారు.

"మీ కొండల్లో వాన ఎలా ఉందండీ?"

మాటవరసకు అడిగారనుకుని, "తగ్గిందండీ" అన్నాను.

"అలాక్కాదమ్మా, రోజూ ఎలా ఉంటందో చెప్పండి."

గుర్తు చేసుకుని చెప్పాను. పొద్దున మంచు, తొమ్మిదికల్లా ఎండ, సాయంత్రం ఒక చిన్న జల్లు. వాగు తేటపడి అడుగున రాళ్లు కనిపిస్తున్నాయని కూడా అన్నాను.

"విన్నారా? రాళ్లు కనపడతన్నాయంట!" అని పడవంతా వినిపించేలా కేకేశారు. "ఆయ్!" అంటూ అందరూ నవ్వారు.

మా వాగుల నీళ్లు కూడా గోదావరిలో కలిసి వాళ్ల లంక మీదికే వస్తాయి. వరద భయంతో ఆవిడ నెల రోజులుగా చూడి గేదెను ఏటిగట్టు మీదే కట్టేసి ఉంచారట.

"రేపే ఇంటికి తోలుకొచ్చేస్తానండీ. దూడ మా పాకలోనే పుడద్ది."

దిగేముందు నా ఫోన్ నంబరు తీసుకున్నారు. ఇప్పుడు వానాకాలమంతా పొద్దున్నే ఫోన్ చేస్తారు. "టీచరుగారూ, కొండ మీద మబ్బుందాండీ?"

నేను వాకిట్లోకి వెళ్లి, చూసి మరీ చెబుతాను.